పాత రైఫిల్ పుట్టుపూర్వోత్తరాలు: ముద్రలను చదివే పద్ధతి

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా ఒకప్పటి జమీందారీ వంశాల వారి ఇళ్లలో, తాతల నాటి వేట రైఫిల్ ఒకటి లైసెన్సుపై ఉండడం వింతేమీ కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ఈ నగరమే రాజధాని గనుక, ఉత్తర సర్కారుల నుంచి, నెల్లూరు, చిత్తూరు సీమల నుంచి వచ్చి మౌంట్ రోడ్డులో విదేశీ సరుకు కొన్నవారు ఎందరో ఉన్నారు. అలాంటి రైఫిల్ చేతులు మారినప్పుడల్లా ఒక కథ కూడా దాని వెంట నడుస్తుంది. కలెక్టరు దొర బహూకరించాడని ఒకరంటారు, మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిందని ఇంకొకరంటారు, లండనులో ప్రత్యేకంగా చేయించారని మరొకరంటారు. ఆ మాటలను కొట్టిపారేయనక్కరలేదు, అలాగని వాటినే ఆధారంగా పట్టుకోవడమూ తగదు. ఇనుము మీద, కట్టె మీద ఉన్న ముద్రలను ముందు చదివి, ఆ తరువాతే ఇంటి మాటను వాటి పక్కన పెట్టి చూడాలి.

రైఫిల్ మీద కనిపించే ప్రతి ముద్రా నాలుగు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి జవాబు చెబుతుంది: దీన్ని ఎవరు చేశారు, ఎవరు పరీక్షించి సరేనన్నారు, ఇది ఎవరి సొత్తుగా ఉండింది, ఎవరు అమ్మారు. నాకు ఎదురైన తప్పుడు నిర్ధారణల్లో అత్యధికం ఒకరి ముద్రను మరొకరిదిగా చదవడం వల్ల పుట్టినవే. అమ్మిన దుకాణం పేరును తయారీదారు పేరుగా, పరీక్షించినవాడి ముద్రను పటాలం గుర్తుగా, ఒక్క భాగానికి చెందిన సంవత్సరాన్ని మొత్తం తుపాకి సంవత్సరంగా తీసుకుంటారు. ఈ నాలుగు ప్రశ్నలనూ విడివిడిగా ఉంచుకుంటే పని సగం సులువవుతుంది.

ముందు చట్టం, తరువాత పరిశీలన

రైఫిల్ ఎంత పాతదైనా అది 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోనిదేనని అనుకుని మొదలుపెట్టడం క్షేమం. వాడుక పోయిన నమూనాలకూ పురావస్తు విలువ గల ఆయుధాలకూ ఆ చట్టంలోని 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది కానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానివై ఉండాలన్న షరతు దానికి ఉంది. ఆ నిర్ణయం ఇంట్లో కూర్చుని మనం చేసుకునేది కాదు. లైసెన్సుదారు గతించి తుపాకి మిగిలిపోయినప్పుడు, 21వ సెక్షను ప్రకారం దాన్ని అనవసర జాప్యం లేకుండా పోలీసు స్టేషనులోనో లైసెన్సు గల డీలరు వద్దనో అప్పగించి, ఆ తరువాత వారసత్వపు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. చెన్నై నగర పరిధిలో లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనరుది. బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం. .303 బోరు, 7.62 మిల్లీమీటర్ల బోరు గల బోల్ట్ రైఫిళ్లను, అంటే పిడి ఉన్న కడ్డీని (బోల్టును) చేత్తో లాగి తూటా ఎక్కించే రకాలను, 2016 ఆయుధాల నియమావళి నిషిద్ధ బోరు కింద చేర్చింది. కాబట్టి మీ దగ్గరున్నది ఆ బోరుదని పరిశీలనలో తేలితే, మొదట లైసెన్సు పుస్తకంలో ఏం రాసి ఉందో చూసుకుని న్యాయవాది సలహా తీసుకోవాలి.

ఈ చట్టంలోని 8వ సెక్షను మన పనికి నేరుగా సంబంధించినది. తుపాకి మీది పేరును గానీ, అంకెను గానీ, మరే గుర్తును గానీ చెరపడం, తీసివేయడం, మార్చడం నేరమని అది చెబుతుంది. అంతేకాదు, ముద్ర చెరిగిన తుపాకి ఎవరి స్వాధీనంలో ఉంటే, ఆ పని వారే చేశారని, కాదని రుజువయ్యే దాకా చట్టం భావిస్తుంది. అరిగి కనబడకుండా పోతున్న అంకెను స్పష్టం చేద్దామని సదుద్దేశంతో మళ్లీ చెక్కించినా చిక్కే. అందుకే తుప్పు తీయడానికి గరుకు కాగితం వాడడం, మెరుగు పట్టించడం, లేత్ మిషన్ల వాళ్ల చేతికి ఇవ్వడం వంటివి ఒక్కటీ చేయకూడదు.

చూడడమెలా

మొదట తుపాకిలో తూటా లేదని నిర్ధారించుకోవాలి. గొట్టం మూతిని ఎవరి వైపూ తిప్పకుండా పట్టుకుని, బోల్టు వెనక్కి లాగి, గొట్టం వెనుక తూటా కూర్చునే చోటులోకి కంటితో చూసి, వేలితో కూడా తడిమి, తూటాలు నింపే పెట్టెను (మ్యాగజైను) తీసి చూడాలి. బోల్టు బిగుసుకుపోయి ఉంటే బలం ప్రయోగించకుండా డీలరు వద్దనున్న తుపాకి మరమ్మతుదారుకు (ఆర్మరరుకు) అప్పగించాలి. పరీక్ష కోసం పేల్చి చూడాలన్న ఆలోచన ఎంతమాత్రం వద్దు. ఇలాంటి రైఫిళ్లలో ఒకే ఆకారంలో ఉంటూ వేర్వేరు తూటాలకు మార్చినవి ఎన్నో ఉన్నాయి.

వెలుతురు పై నుంచి పడితే ముద్రలు కనబడవు. గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని ఇనుము ఉపరితలానికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి పట్టుకుంటే, అరిగిపోయిన అక్షరాల అంచులు నీడ వేసి పైకి తేలతాయి. టార్చిని నాలుగు వైపుల నుంచీ తిప్పుతూ ఒక్కో ముద్రను పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోవాలి. మెత్తటి పెన్సిలుతో పల్చని కాగితం మీద రుద్ది అచ్చు తీసుకోవడం కూడా మంచి పద్ధతే, కొన్నిసార్లు ఫొటోలో దొరకనిది కాగితం మీద దొరుకుతుంది. ప్రతి ఫొటో వెంట ఆ ముద్ర ఏ భాగం మీద, ఏ వైపున ఉందో రాసుకోవాలి. ఒకే ముద్రకు స్థానాన్ని బట్టి అర్థం మారుతుంది.

చెన్నై ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, చెమట చేతి వేలిముద్రలు కూడా తుప్పు మచ్చలవుతాయి. నూలు గ్లౌజులు వేసుకుని, పని అయ్యాక పల్చగా తుపాకి నూనె రాసిన గుడ్డతో తుడవాలి. మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది, దాని గురించి గట్టిగా చెప్పక తప్పదు: ఇత్తడి బిళ్లలను, వెండి పలకలను చింతపండు పెట్టి తోమడం. పండగ పండగకీ అలా తోముతూ పోతే మెరుపు మిగిలి అక్షరాలు పోతాయి. బట్ అని పిలిచే వెనుక కట్టె మీద పొదిగిన ఆ చిన్న బిళ్లే కొన్ని రైఫిళ్ల చరిత్రకు ఏకైక సాక్ష్యం.

సైనిక రైఫిల్ అయితే

మన దేశంలో తరచుగా తారసపడేది లీ-ఎన్‌ఫీల్డ్ వంశం. 1907లో ప్రవేశపెట్టిన పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ మూడవ మార్కు రైఫిల్‌ను తీసుకుంటే, చదవడం మొదలుపెట్టవలసిన చోటు చేతి పట్టుకు పైన, బోల్టు పిడి కిందుగా, కట్టె ఇనుముతో కలిసే ఉక్కు పట్టీ. దాని కుడివైపున పై నుంచి కిందికి వరుసగా కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, తయారు చేసిన కర్మాగారం, సంవత్సరం, నమూనా పేరు ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ అని ఉంటే ప్రభుత్వ కర్మాగారం, బి.ఎస్.ఎ. అని ఉంటే బర్మింగ్‌హామ్ కంపెనీ, ఎల్.ఎస్.ఎ. అని ఉంటే లండన్ కంపెనీ, లిత్‌గో అని ఉంటే ఆస్ట్రేలియా, ఇషాపూర్ అని ఉంటే బెంగాల్లోని మన కర్మాగారం. మూడవ మార్కును తెలిపే మూడు గీతల (III) పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉత్పత్తి త్వరగా సాగేందుకు కొన్ని భాగాలు తగ్గించి సరళం చేసిన రూపం.

ఇక్కడే మొదటి పరీక్ష చేసుకోవచ్చు. రాజు పేరుకూ సంవత్సరానికీ పొత్తు కుదరాలి. వి.ఆర్. అంటే విక్టోరియా, ఆమె మరణించినది 1901 జనవరిలో. ఇ.ఆర్. అంటే ఏడవ ఎడ్వర్డు, 1910 వరకు. ఆ తరువాత జి.ఆర్., జార్జి రాజుల కాలం. వి.ఆర్. కింద 1910లలోని సంవత్సరం ఉన్న రైఫిల్ మీ ముందుకు వస్తే అది ఇంగ్లండు కర్మాగారం నుంచి వచ్చినది కాదు. వాయవ్య సరిహద్దు కొండల్లో చేతితో చేసిన నకళ్లలో ఇలాంటి పొంతనలేనితనం బాగా కనబడుతుంది. వాటిలో ఆంగ్ల అక్షరాలు తిరగబడి ఉంటాయి, కర్మాగారం పేరులో అక్షరదోషాలుంటాయి, అంకెలు ఒకే వరుసలో నిలవవు. అవి కూడా సేకరించదగినవే, వాటిదీ ఒక చరిత్రే. అయితే వాటిని నకళ్లుగానే నమోదు చేయాలి.

ఇషాపూర్ రైఫిళ్ల మీద జి.ఆర్. తరువాత ఐ. అనే మూడో అక్షరం కలుస్తుంది, భారత చక్రవర్తి హోదాకు గుర్తుగా. స్వాతంత్ర్యం తరువాత కిరీటం పోయి అశోక స్తంభపు సింహాలు వచ్చాయి, కర్మాగారం పేరు ఆర్.ఎఫ్.ఐ. అయింది. 1960లలో ఇదే ఆకారంలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు 2ఎ, 2ఎ1 నమూనాలు తయారయ్యాయి, వీటి మ్యాగజైను పాతదానికంటే చదరంగా ఉంటుంది. ఇదే కర్మాగారం పౌరులకోసం చేసిన .315 బోరు రైఫిల్ కూడా చూపుకు పాత సైనిక రైఫిల్‌ను గుర్తుకు తెస్తుంది. తాతగారు యుద్ధంలో వాడారని చెప్పే రైఫిల్ మీద అశోక సింహాలుంటే, తాతగారు యుద్ధానికి వెళ్లడం నిజమే కావచ్చు గానీ, ఆ రైఫిల్ మాత్రం వెళ్లలేదు. మ్యాగజైను స్థానంలో చెక్క దిమ్మ బిగించి, గొట్టం లోపల గాడులు లేకుండా నున్నగా ఉంటే, అది .303 నుంచి .410 మస్కెట్‌గా మార్చి కాపలా విధులకు ఇచ్చిన రకం.

పట్టీ మీది సంవత్సరం ఆ పట్టీ ఉన్న ప్రధాన భాగానిదే, అంటే గొట్టం బిగించి ఉండే, బోల్టు కదిలే ఉక్కు దేహానిదే. గొట్టానికి వేరే తేదీ ఉంటుంది, ఎందుకంటే గొట్టాలు అరిగినప్పుడు మార్చేవారు. కట్టె ఎన్నిసార్లు మారిందో చెప్పలేం. అందుకే క్రమసంఖ్యను ప్రధాన భాగం ముందు, గొట్టం మీద, బోల్టు పిడి వెనుక, గురి చూసే వెనుక సైటు రేకు అడుగున, ముందరి ఇనుప తొడుగు మీద వెతికి, అన్నీ ఒకటేనా కాదా చూడాలి. ఒకటే అయితే కర్మాగారం నుంచి కలిసి వచ్చిన భాగాలు. వేరైతే ఆయుధాగారంలో మరమ్మతు పొందిన రైఫిల్. దాన్ని లోపంగా చూడనక్కరలేదు, దీర్ఘకాలం సేవలో ఉన్న రైఫిల్ అలాగే ఉంటుంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: వేర్వేరు కర్మాగారాల్లో అవే సంఖ్యలు మళ్లీ మళ్లీ వచ్చాయి. కర్మాగారం, సంవత్సరం, ముందున్న అక్షరం చెప్పకుండా ఒక్క సంఖ్య చెబితే దాని నుంచి ఏమీ తేలదు.

సొత్తు గుర్తుల్లో ముఖ్యమైనది బాణం మొన ఆకారం, అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని అర్థం. దాని కింద ఐ. అక్షరం ఉంటే భారత ప్రభుత్వపు సొత్తు, సి. అక్షరం లోపల బాణం ఉంటే కెనడాది. రెండు బాణాలు మొనకు మొన ఎదురెదురుగా ఉంటే ప్రభుత్వం దాన్ని సేవ నుంచి తొలగించి అమ్మివేసిందని. డి.పి. అని ఉంటే కవాతు శిక్షణకు మాత్రమే పనికివచ్చేదిగా తేల్చారని. కట్టెకు కుడివైపు పొదిగిన ఇత్తడి బిళ్ల మీద పటాలం పేరు పొడి అక్షరాల్లో, ఆయుధాగారపు వరుస సంఖ్య, కొన్నిటిపై ఇచ్చిన నెల, సంవత్సరం ఉంటాయి. ఈ బిళ్ల దొరికితే పటాలం చరిత్రను పట్టుకుని ముందుకు పోవచ్చు. కిరీటం కింద అంకె, అక్షరం ఉన్న చిన్న చిన్న ముద్రలు రైఫిల్ అంతటా కనిపిస్తాయి. అవి కర్మాగారంలో భాగాలను తనిఖీ చేసినవారివి, పటాలానికీ అధికారి హోదాకూ వాటితో సంబంధం లేదు.

ఇంకా పాతవి, అంటే మార్టిని-హెన్రీ, స్నైడర్ రకాలు, అరుదుగా వస్తాయి. ఈస్టిండియా కంపెనీ తుపాకుల తాళం పలక (పేల్చే యంత్రం బిగించిన పలక) మీద వెనుక కాళ్లపై నిలిచి కిరీటం పట్టుకున్న సింహం ఉంటుంది, అంతకు ముందటి వాటి మీద హృదయాకారపు ముద్ర ఉంటుంది. కంపెనీ కాలపు ఆయుధాలను నేరుగా చూసి కంటికి అలవాటు చేసుకోవాలంటే సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం ఉంది, ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలోనూ ఆయుధాల విభాగం ఉంది. జర్మన్ సైనిక రైఫిల్ కె98కె అయితే పైభాగాన కర్మాగారం పేరుకు బదులు రహస్య సంకేతం ఉంటుంది. ఉదాహరణకు బి.వై.ఎఫ్. అంటే ఒబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ సంస్థ, బి.ఎన్.జడ్. అంటే ఆస్ట్రియాలోని స్టెయిర్.

వేట రైఫిల్ అయితే

తెలుగు ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇవే, వీటి చరిత్ర మరింత ఆసక్తికరమైనది. ఎందుకంటే ఒకే రైఫిల్ మీద మూడు నాలుగు ఊళ్లు రాసి ఉంటాయి. గొట్టం మీద పెద్ద అక్షరాల్లో చెక్కిన పేరు సాధారణంగా అమ్మిన దుకాణానిది. గడియారాలకూ నగలకూ ప్రసిద్ధమైన మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ పేరు వేట తుపాకుల మీద కూడా కనబడుతుంది, అలాగే కలకత్తాలోని మాంటన్, ఆర్.బి. రోడా, లయన్ అండ్ లయన్ సంస్థల పేర్లు. మద్రాసు అని చెక్కి ఉంది కాబట్టి మద్రాసులో తయారైందని అనుకోకూడదు. బర్మింగ్‌హామ్ పనివారు పేరు లేకుండా చేసి పంపిన తుపాకుల మీద ఇలా అమ్మకందారు పేరు వేయడం ఆనాటి వ్యాపార పద్ధతి.

ఒక రైఫిల్‌ను దగ్గరగా చూద్దాం. గొట్టం పైన మద్రాసు దుకాణం పేరు. గొట్టం ఎడమవైపున, కట్టె అంచుకు కొంచెం పైన, కిరీటం కింద బి.వి., కిరీటం కింద బి.పి., కిరీటం కింద ఎన్.పి. అనే మూడు చిన్న ముద్రలు. కట్టె నుంచి విప్పితే ప్రధాన భాగం అడుగున కిరీటం కింద బి., యు., జి. అనే జర్మన్ ముద్రలు. ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలను వేద్దాం. జర్మన్ ముద్రలు ప్రధాన భాగం జర్మనీ నుంచి వచ్చిందని, 1939కి ముందటి పద్ధతిలో అక్కడ పరీక్షకు నిలిచిందని చెబుతున్నాయి. బి.పి., ఎన్.పి. ముద్రలు 1904 నుంచి వాడుకలోకి వచ్చిన, తుపాకులను పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు, 1954లో వీటి రూపం మారింది. అంటే జర్మన్ యంత్రభాగానికి బర్మింగ్‌హామ్‌లో గొట్టం బిగించి పరీక్షించారు, మద్రాసులో అమ్మారు. కాలం 1904 తరువాత, రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు. ఇంట్లో లండనులో చేయించారన్న మాట ఉంటే అది ఇక్కడ నిలవదు, కానీ మద్రాసులో కొన్నారన్న మాట నిలుస్తుంది.

ప్రూఫ్ హౌస్ అనేది తుపాకిలో మామూలుకంటే ఎక్కువ శక్తి గల తూటా పేల్చి, గొట్టం తట్టుకుందని ముద్ర వేసే స్వతంత్ర సంస్థ. లండనులోనిది 1637 నాటి తుపాకి పనివారి సంఘానిది, బర్మింగ్‌హామ్‌లోనిది 1813లో ఏర్పడినది. సైనిక రైఫిళ్లకు ఈ సంస్థలతో పనిలేదు, వాటి మీద అడ్డంగా పెనవేసిన జెండాల ముద్ర ఉంటుంది. సైనిక రైఫిల్ మీద జెండాల ముద్రతో పాటు బర్మింగ్‌హామ్ వాణిజ్య ముద్ర కూడా ఉంటే, అది సేవ నుంచి బయటపడి మార్కెట్టుకు వచ్చిందని రూఢిగా చెప్పవచ్చు.

కట్టె విప్పి అడుగు ముద్రలు చూడడం చాలా సందర్భాల్లో తప్పనిసరి, కానీ సొంతంగా చేయవద్దు. మరమేకు గాడికి సరిగ్గా సరిపడే స్క్రూడ్రైవరు లేకపోతే మర తల చిట్లుతుంది, ఆ మచ్చ శాశ్వతం. లైసెన్సు గల డీలరు వద్ద మీ ఎదుటే విప్పించి, మీరే ఫొటోలు తీసుకోండి.

కట్టె మీద వెండి పలక ఉంటే దాన్ని విడిగా పరిశీలించాలి. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతం) లెఫ్టినెంట్ గవర్నరు జాన్ హ్యూయెట్ బహూకరించిన .275 రిగ్బీ రైఫిల్ మీద అలాంటి పలకే ఉంది, అది ఇప్పుడు రిగ్బీ సంస్థ వద్దే భద్రంగా ఉంది. పలక మీది పేరు, హోదా, సంవత్సరం మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఆ హోదాలో ఆ వ్యక్తి ఆ సంవత్సరం ఉన్నాడా అన్నది అప్పటి గెజిట్లలో దొరుకుతుంది. పలక చుట్టూ కట్టె రంగు ఎలా ఉందో కూడా చూడాలి. పాత పలక అంచుల్లో నూనె, మురికి నల్లగా పేరుకుని ఉంటాయి. ఇటీవల పొదిగినదైతే అంచు శుభ్రంగా, కట్టె కోత తెల్లగా కనబడుతుంది.

కాగితాల్లో వెతకడం

ముద్రల పట్టిక తయారయ్యాక ఇంట్లోని కాగితాలు తీయాలి. పాత లైసెన్సు పుస్తకాల్లో తయారీదారు, బోరు, సంఖ్య రాసి ఉంటాయి. అయితే రాసిన గుమాస్తా దుకాణం పేరునే తయారీదారుగా రాసి ఉండవచ్చు కనుక అక్కడా నాలుగు ప్రశ్నలూ వేసుకోవాలి. 1878 నాటి పాత ఆయుధాల చట్టం కింద ఇచ్చిన లైసెన్సు ఒక్కటి దొరికినా అది విలువైన ఆధారం. కొనుగోలు రశీదులు, వేట ఫొటోలు, వీలునామాలు, ఆస్తి పంపకాల జాబితాలు కూడా చూడండి. వేట ఫొటోలో రైఫిల్ బోల్టు పిడి వంపు, సైటు ఆకారం భూతద్దంతో పోల్చితే అదే రైఫిలా కాదా అన్నది కొంతవరకు తేలుతుంది.

ఎస్టేటు కొంతకాలం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (వారసుడు మైనరు వంటివాడైనప్పుడు ఎస్టేటును నడిపే ప్రభుత్వ సంస్థ) ఆధీనంలో ఉండి ఉంటే, ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో దానికి సంబంధించిన దస్త్రాలను అడగడం మంచిది. మద్రాసు దుకాణం ఏ కాలంలో ఏ చిరునామాలో ఉండేదో తెలిస్తే గొట్టం మీద చెక్కిన చిరునామాను బట్టి అమ్మిన కాలాన్ని ఇంకా కుదించవచ్చు. అందుకు అసైలం ప్రెస్ ఆల్మనాక్ వంటి మద్రాసు డైరెక్టరీలు ఉపయోగపడతాయి. పాత ముద్రణల కోసం కన్నెమరా గ్రంథాలయంలో అడిగి చూడవచ్చు.

రైఫిల్ మీద రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్‌లీ రిచర్డ్స్ వంటి పేరు ఉండి, అది నిజంగా తయారీదారు పేరేనని తేలితే, ఆ సంస్థలు తమ పాత ఆర్డరు పుస్తకాలను భద్రపరిచాయి కనుక వారికే రాయడం ఉత్తమం. రుసుము తీసుకుని వివరాలు పంపుతారు. ఉత్తరంలో ఇంటి కథతో మొదలుపెట్టకుండా క్రమసంఖ్య, అది ఏయే భాగాల మీద ఉంది, బోరు, గొట్టం పొడవు, గొట్టం మీది చిరునామా యథాతథంగా, ప్రూఫ్ ముద్రల ఫొటోలు ఇవ్వాలి. మొదటి కొనుగోలుదారు ఎవరని అడగడంతో పాటు, ఆర్డరు ఇచ్చినప్పటి బోరు, సైట్లు, కట్టె వివరాలు కూడా అడగాలి, ఎందుకంటే తరువాత జరిగిన మార్పులు ఆ వివరాలను రైఫిల్‌తో పోల్చినప్పుడే బయటపడతాయి. క్రమసంఖ్య పూర్తిగా కనిపించే ఫొటోలను బహిరంగంగా పంచుకోవద్దు, నేరుగా సంబంధిత సంస్థకు మాత్రమే పంపండి. జవాబు వచ్చాక దాన్ని, ముద్రల ఫొటోలను, లైసెన్సు నకలును, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాటను ఎవరు ఎప్పుడు చెప్పారో రాసిన కాగితాన్ని ఒకే దస్త్రంలో ఉంచి, ఏ వివరం ముద్ర నుంచి వచ్చిందో, ఏది కాగితం నుంచి వచ్చిందో, ఏది వినికిడో ప్రతి వాక్యం పక్కన గుర్తు పెట్టండి. రైఫిల్ తరువాతి వారసుడికి బదిలీ అయ్యే రోజున లైసెన్సు కాగితాలతో పాటు ఆ దస్త్రాన్ని కూడా అప్పగించాలి.